పదం మధ్యలో గంట

మచిలీపట్నం దగ్గరి గూడూరులో కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకుంటూనే పాట వినదలచినవారికి కరెంటు కోత కంటే పెద్ద శత్రువు యంత్రం తనంతట తాను మోగించే హెచ్చరిక గంట. విసిగినవారు మొత్తం ధ్వనినే కట్టేస్తారు. గంటతోపాటు పాటా పోతుంది. ఇంత అన్యాయం అవసరం లేదు. 2007లో బజారుకు వచ్చిన విండోస్ విస్టా నుంచీ, ఒక్కొక్క ప్రోగ్రాము ధ్వనిని వేరువేరుగా హెచ్చించడానికీ తగ్గించడానికీ వీలిచ్చే వాల్యూమ్ మిక్సర్ ఉంది. అందులో ‘సిస్టమ్ సౌండ్స్’ అనే మీటను అడుగుకు దించితే యంత్రపు గంటలు ఆగి పాట సాగుతుంది. ఏ సందర్భానికి ఏ శబ్దం మోగాలో చెప్పే పట్టికను సౌండ్ స్కీమ్ అంటారు. కంట్రోల్ ప్యానెల్‌లో దానిని ‘నో సౌండ్స్’గా మార్చితే ఆ పీడ శాశ్వతంగా వదులుతుంది. బ్రౌజరు తెచ్చిపెట్టే నోటిఫికేషన్ల మోతను బ్రౌజరు అమరికలలో ఆపవచ్చు.

అసలు ఈ గంట పుట్టింది వేరే పనికి. దూరపు వార్తను కాగితంపై అచ్చువేసే టెలిప్రింటరులో, పక్క గదిలోని ఆపరేటరును పిలవడానికి నిజమైన లోహపు గంట ఉండేది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన 1963 నాటి ఆస్కీ సంకేతావళి 7వ సంఖ్యను ఆ గంటకే ఇచ్చింది. దూరాన ఉన్నవారిని పిలవడానికి పుట్టిన శబ్దం ఎదురుగా కూర్చున్నవారి చెవిలో మోగడం నిష్కారణమైన హింస.

క్షేత్రయ్య పదం వింటున్నప్పుడు ఈ హింస మరీ దుర్భరం. గూడూరుకు ఎంతో దూరం లేని మొవ్వలో వెలసిన గోపాలుని పేరే ముద్రగా 17వ శతాబ్దంలో ఆయన రచించిన పదాలు, నాయిక మనసును విలంబకాలంలో, అంటే మెల్లని నడకలో, విప్పే పాటలు. సంగతికీ సంగతికీ, అంటే ఒకే పలుకును మార్చి మార్చి పాడే తీరులకు, మధ్య గాయని విడిచే మౌనం కూడా వాటిలో పాటే. తంజావూరు విజయరాఘవ నాయకుని ఆదరణ పొందిన ఆ పదాలను ఆ తరువాత తమిళదేశపు దేవదాసీలు కంఠాన నిలుపుకున్నారు, వీణ ధనమ్మాళ్ ఇంటివారు ప్రాణంగా చూసుకున్నారు, ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త 20వ శతాబ్దపు శ్రోతలకు అందించారు. కృష్ణాతీరపు సొత్తును కావేరీతీరం ఇంత శ్రద్ధగా కాపాడితే, నేటి కచేరీలలో పదానికి దక్కేది తనియావర్తనం, అంటే మృదంగ విద్వాంసుని ఒంటరి వాదనం, ముగిశాక జనం లేచిపోతుండగా మిగిలే కాసిన్ని నిమిషాలు. శ్రోతల చెవి తాజాగా ఉన్నప్పుడే, కచేరీ మొదట్లోనే, ముఖారి రాగంలోనో ఆనందభైరవిలోనో ఒక పదాన్ని అరగంటసేపు తీరికగా పాడే విదుషీమణులను మచిలీపట్నం సభలు పిలవాలి.