సెయింట్ లూయిస్ కార్డులు

ప్రభువు కృపను బట్టి 2019 వేసవిలో మేము సతీసమేతంగా అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణం దర్శించాము. మన సంఘ బిడ్డల కుటుంబం ఒకటి అక్కడున్నది. వారు వెళ్ళే చర్చిలో ఒక పెద్దాయన పాత పోస్టుకార్డులు పోగుచేస్తారని విని, ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాము.

1904లో ఆ ఊరి ఫారెస్ట్ పార్కులో ప్రపంచ ప్రదర్శన జరిగింది. సుమారు 1,200 ఎకరాలు, ఏడు నెలలు! రాజభవనాల వంటి ఆ కట్టడాలు చాలావరకు ప్లాస్టరులో నార కలిపి పోసినవే. ప్రదర్శన కాగానే పడగొట్టారు. చిత్రకళా భవనం, పక్షుల పెద్ద పంజరం నేటికీ ఉన్నాయి, రెండూ చూశాము.

మిగిలినదంతా పెద్దాయన అట్టపెట్టెల్లో ఉన్నది. ఒక కార్డును దీపానికి అడ్డుపెట్టి చూపించారు. బొమ్మలో కిటికీల మేరకు కత్తిరించి, వెనుక రంగు కాగితం అంటించారు. వెలుతురు తగలగానే భవనమంతా దీపాలు వెలిగాయి. “మన క్రిస్మస్ నక్షత్రంలాగే ఉందండీ!” అన్నది మా శ్రీమతి.

1907 వరకు ఆ దేశంలో కార్డు వెనుక చిరునామాయే రాయాలి. కబుర్లన్నీ బొమ్మ అంచున ఇరికించేవారు. అలా రాసినదొకటి మా చేతికిచ్చారు. బొమ్మలో ఫిలిప్పీన్సు కొండజాతి మనిషి. కింద జాతి పేరున్నది, మనిషి పేరు లేదు. రాసినాయన వాన గురించి, బూట్ల గురించి రాశాడు. బొమ్మలోని మనిషి ఊసే లేదు.

మనుషులను కూడా అక్కడ చూపుడు వస్తువులను చేశారట. కాంగో నుండి ఓటా బెంగా అనే యువకుణ్ణి తెచ్చినది శామ్యూల్ వెర్నర్, ఒకప్పటి మిషనరీ! ఆ మాట విని మాకు తల వాలిపోయింది. 1906లో అతణ్ణి న్యూయార్కు జంతుశాలలో కోతుల ఇంట ఉంచితే, నల్లజాతి బాప్టిస్టు పాస్టర్లు ఎదురుతిరిగారు. రెవరెండ్ జేమ్స్ గోర్డన్ తన అనాథాశ్రమంలో చోటిచ్చారు. అయినా 1916లో ఓటా బెంగా తన ప్రాణం తానే తీసుకున్నాడు.

“ఈ కార్డు ఎందుకు దాచారు?” అని అడిగాము. “చింపడానికి చేతులు రాలేదు, గోడకు పెట్టడానికీ రాలేదు” అన్నారాయన.

సెలవు తీసుకుంటుండగా చెరొక కార్డు ఎంచుకోమన్నారు. శ్రీమతి దీపాల కార్డు తీసుకున్నది. మేము ఆ మనిషి కార్డు అడిగాము. మొదటిది సండేస్కూలు పిల్లలంతా లాంతరుకు పెట్టి చూశారు. రెండవది ఇంకా చూపించలేదు.