రసీదు మీద పేరు

బొంబాయిలో ఎక్కడుంటారని అడిగితే మావాళ్లు "గ్రాంట్ రోడ్" అని ఊరుకుంటారు. ఫాక్‌లాండ్ రోడ్ అంటే అవతలివారి ముఖంలో ఒక నవ్వు కదులుతుంది. పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు మార్చినా ఆ నవ్వు పోలేదు. పక్కనే ఉన్న కామాఠిపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి ఇళ్ల కట్టుబడి పనులకు వచ్చిన మన కామాఠీల వల్ల వచ్చిందని నవ్వేవారికి తెలియదు.

1974లో కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి దాదర్‌లో దిగినప్పుడు నా జేబులో చిన్నాయన అడ్రసు చీటీ ఉంది. గ్రాంట్ రోడ్‌లో లోకల్ బండి దిగి, దారి అడుగుతూ చాల్ చేరాను. ఒకటే ఖోలీ, తొమ్మిది మందిమి. రాత్రి పాళీ వాళ్లు వచ్చేసరికి పగటి పాళీ వాళ్ల చాపలు ఖాళీ అయ్యేవి.

నెలాఖరున కిరాయి కట్టి రమ్మని చిన్నాయన నన్ను పంపాడు. మెహతా రాసిచ్చిన రసీదు మీద మా పక్క ఊరి పెద్దమనిషి పేరుంది.

"ఇదేంది చిన్నాయనా, పేరు తప్పు రాసిండు?"

"తప్పు గాదురా. పైసలు మనయే, పేరు ఆయనది."

పగిడీ అంటే తలపాగా అనే అనుకునేవాణ్ణి. బొంబాయిలో అది ఖోలీ చేతులు మారేటప్పుడు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం. 1947 నాటి అద్దె చట్టం కిరాయిలను 1940 సెప్టెంబరు స్థాయిలో కట్టేసింది. యజమానులు ఆ లోటును పగిడీతో పూడ్చుకునేవారు. అలా తీసుకోవడం నేరం గనక ఎంత ఇచ్చినా దానికి కాగితం ఉండదు. చేతికి దక్కేది నెలనెలా కిరాయి రసీదు ఒక్కటే. చిన్నాయన 1969లో ఆ పెద్దమనిషికి 2,500 రూపాయలిచ్చాడు. పేరు మార్చాలంటే యజమాని వాటా అడుగుతాడని ఆ పని చేయించలేదు. మనోడే గదా అనుకున్నాడు.

మనోడు 1978లో చనిపోయాడు. నెల తిరగకముందే కొడుకు వచ్చి "రసీదు మా బాపు పేరునుంది, ఖోలీ మాది" అన్నాడు. కోర్టుకు పోదామంటే, యజమాని అనుమతి లేకుండా చేరినవాళ్లం మేమే. చిన్నమ్మ వెండి కడియాలు, చీటీ పాడిన డబ్బు అన్నీ కలిపి రెండోసారి 4,000 కట్టాం. ఈసారి యజమాని వాటా కూడా ఇచ్చి పేరు రాయించాం. చదువు రాని చిన్నమ్మ ఆ రసీదును నాచేత మూడుసార్లు చదివించుకుంది.

2000 మార్చి 31న అమల్లోకి వచ్చిన మహారాష్ట్ర అద్దె చట్టం పగిడీని చట్టబద్ధం చేసింది. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు ఎక్కువగా దొరికేది పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్సు, దానికి డిపాజిట్టు. ఆ ఒప్పందాన్ని రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదే. చేయించకపోతే, షరతుల విషయంలో తప్పని రుజువయ్యేదాకా అద్దెదారు మాటే చెల్లుతుంది. ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసో! పోయినేడు మా మేనల్లుడి కొడుకు థానేలో గది చూసుకుని, "యజమాని మన తెలుగాయనే తాతా, కాగితాలెందుకు?" అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. విసుక్కుంటూనే రిజిస్ట్రేషన్‌కు పోయాడు.

కామాఠిపుర పాత చాళ్లను మ్హాడా ద్వారా కూల్చి కట్టాలని ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. అప్పటినుంచి గల్లీల్లో పాత పెట్టెలన్నీ తెరుచుకుంటున్నాయి. చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, బాపు రసీదుల డబ్బా నీ దగ్గరున్నదా?"

ఉంది. మూత తుప్పు పట్టి బిగిసిపోతే గరిటె కాడతో తీశాను. పైన చిన్నాయన పేరున్న కట్ట, అడుగున తొమ్మిదేళ్లపాటు మేము డబ్బు కట్టిన ఆ రెండో పేరు కట్ట. రెండూ పంపించాను.