నొప్పి లేని కాటు

నేను చదివింది అయిదో తరగతే. మిల్లులో రింగ్ ఫ్రేము కాడ తెగిన నూలు అతికిస్తా బతికినోణ్ణి, రాత పెద్దగా రాదు. అయినా ఒక మాట చానా ఏండ్లుగా నా కడుపులోనే ఉండిపోయింది. అది చెప్పాలనే ఈ కాగితం.

పోయిన నెల మా మనవడు సెల్లులో ఒక ఆఫ్రికా పాము బొమ్మ చూపించి చదివి వినిపించినాడు. పేరు బూమ్‌స్లాంగ్, అంటే చెట్టుపాము అంట. మన పసిరిక మాదిరి చెట్ల మీదే తిరుగుతుంది. పసిరిక మనిషిని చంపదు, ఇది చంపుతుంది. 1957లో అమెరికాలో, షికాగో ఊర్లో, కార్ల్ ష్మిట్ అనే పాముల పండితుణ్ణి ఆ పాము పిల్ల ఒకటి కరిచింది. చిన్న పిల్ల, చిన్న కాటు, ఏమవుతుందిలే అని ఆయన ఆస్పత్రికి పోలేదు. ఒంటికి ఏమేమి అవుతుందో కాగితం మీద రాసుకుంటా ఉండె. మరుసటి రోజే చనిపోయినాడు.

అంత చదివినాయనే చిన్న కాటని వదిలేసినాడు అని విన్నాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ అట్లాగే ఒక మనిషిని వదిలేసినాను.

అప్పట్లో జూజువాడిలో మేము రేకుల ఇండ్లలో ఉంటిమి. చుట్టూ రాగి చేన్లు. పక్కింటాయన నాతోనే ఫ్రేము కాడ పనిచేసేవాడు, నన్ను బావా అనేవాడు. వానల కాలం. రెండో షిఫ్టు ముగించి వచ్చి నేల మీద చాప వేసుకొని పండుకొన్నాడు. రాత్రి మూడు గంటలప్పుడు నా తలుపు తట్టినాడు.

"బావా, కడుపులో మెలిపెడతా ఉండాది. ఇందాక చేతి మీద ఏదో కుట్టినట్టుండె" అన్నాడు.

చెయ్యి చూసినాను. వాపు లేదు, నెత్తురు లేదు. "చీమ కుట్టింటుంది, కడుపులో గ్యాసు" అని ఇంట్లో ఉండే సోడా తాగించి పంపించినాను. తెల్లారేసరికి ఆయన కంటి రెప్పలు వాలిపోయి ఉండె. మాట ముద్దముద్దగా వస్తా ఉండె. తాగినాడేమో అన్నారు ఎవరో. ఆయన తాగే మనిషి కాదు. చాప ఎత్తితే కింద నల్లని పాము, ఒంటి మీద సన్నని తెల్ల కట్లు. మంత్రం వేసేవాని కాడికి పోదామని కొందరు, ఆస్పత్రికని కొందరు. ఆ మాటల్లోనే గంట పోయింది. దారిలో ఆటోలోనే ఊపిరి ఆగిపోయింది. ఆయన పెండ్లాం ముఖం చూసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అది కట్లపాము. అరవంలో కట్టువిరియన్ అంటారు. పగలు దాక్కొని రాత్రి తిరుగుతుంది. నేల మీద పండుకొన్నోళ్ళకే దాని కాటు ఎక్కువ. నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. కొన్ని గంటలకు కడుపు నొప్పి, వాంతి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోయినారని పండితులు లెక్క కట్టినారు. అందులో ఎక్కువ మంది పల్లెల్లోని మనలాంటోళ్ళే.

దీనికి మందు ఉండాది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఒకటే మందు. మదరాసు దగ్గర వడనెమ్మేలిలో ఇరుళవాళ్ళు 1978లో సొసైటీ పెట్టుకొని పాములు పట్టి విషం తీస్తా ఉండారు. ఆ విషాన్ని గుర్రాలకు కొంచెం కొంచెంగా ఎక్కించి, వాటి నెత్తురులో నుంచి మందు చేస్తారు.

మూడేండ్ల కింద మా వెనక ఇంట్లో బాడుగకు ఉండే ఒడిశా పిల్లోడు తెల్లవారుజామున వచ్చి "కడుపు నొప్పి, గొంతు పట్టేసింది" అన్నాడు. వాని రెప్పలు చూసినాను. సోడా మాట ఎత్తలేదు. 108కి ఫోన్ చేసి, వాణ్ణి నడవనీకుండా పండబెట్టి, సర్కారు ఆస్పత్రికి తీసుకుపోతిమి. మందు ఎక్కించినారు, ఊపిరి మిషను పెట్టినారు. కొన్ని దినాలకు నడిచి ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టుకొన్నాడు. "నాకు కాదురా, మా బావకు మొక్కు" అన్నాను. వానికి తెలుగు అర్థం కాలేదు.

షిఫ్టు చేసి అలిసి నేల మీద పండుకొనే పిల్లలకు చెప్పండి. మంచం లేకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందికి బాగా దోపండి. రాత్రి లేస్తే లైటు వేయండి. కాటు పడితే కోయొద్దు, తాడుతో కట్టొద్దు, పాము వెంట పడొద్దు. తెల్లవారుజామున కడుపు నొప్పి అని ఎవరైనా తలుపు తడితే, ముందు వాళ్ళ కంటి రెప్పలు చూడండి.