విదూషక మీనాల కాపురం

హైదరాబాదు నుండి ఏ దారిన బయలుదేరినా సముద్రం చేరడానికి కొన్ని వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అటువంటి ఊళ్లో, ఒక ఇంటి వసారాలో సముద్రపు చేపలు కాపురముండి పిల్లలను కంటాయంటే వినేవారికి వింతగానే ఉంటుంది. మా ఇంటికి వచ్చే బంధువులు ముందు గాజుతొట్టెను చూసి ముచ్చటపడతారు. ఆ తరువాత "సముద్రపు నీళ్లు ఎక్కడివి?" అని అడుగుతారు. నీళ్లను మనమే తయారుచేసుకోవాలి. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం మొదలైన లవణాలన్నీ సముద్రజలంలో ఉండే పాళ్లలోనే కలిపిన ప్రత్యేకమైన ఉప్పు దొరుకుతుంది. దానిని శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కరిగించాలి. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కనుక రోజూ కొంత మంచినీరు చేర్చాలి. మన వేసవిలో ఈ పని ఒక పట్టాన తెమలదు.

ఆ తొట్టెలో ఉన్నవి రెండే చేపలు. నారింజ రంగు ఒంటిపై మూడు తెల్లని పట్టీలు, వాటి అంచున నల్లని గీత, వేలెడంత పొడవు. సర్కసు విదూషకుడి ముఖంపై రంగుల వలె ఉన్నాయని కాబోలు, ఇంగ్లీషువారు వీటిని క్లౌన్ చేపలన్నారు. నాకు మాత్రం వాటి నడవడిలో హాస్యమేమీ కనిపించలేదు. అవి మహా గంభీరమైన గృహస్థులు. మన దేశంలో అండమాను పగడపు దిబ్బలలో ఇవి నివసిస్తాయి. ముట్టుకున్న చేపనల్లా కుట్టి చంపే సీ ఎనిమోన్ అనే జీవి ఒడిలో ఇవి నిర్భయంగా తిరుగుతాయి. వీటి ఒంటిపై ఉండే జిగురుపొర ఇందుకు తోడ్పడుతుంది. తొట్టెలో శత్రువులు లేరు కనుక ఎనిమోన్ లేకున్నా ఇవి జంట కట్టగలవు.

వీటి కుటుంబ ధర్మం మనకు తెలిసిన ధర్మాలలో దేనికీ ఒదగదు. ఇవన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడదిగా మారుతుంది. దాని తరువాతది దానికి భర్త అవుతుంది. మిగిలినవి ఎదగక వేచి ఉంటాయి. ఆడది మరణిస్తే ఆ భర్తే ఆడదిగా మారి దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. 1977లో హన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని 'నేచర్' పత్రికలో వెల్లడించారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నెమో' చిత్రంలో తల్లి పోయిన పిల్లచేపను తండ్రి వెదుక్కుంటూ వెళ్తాడు. ప్రకృతి న్యాయం ప్రకారమైతే ఆ తండ్రి కొన్నాళ్లకు తల్లిగా మారిపోవలసింది. సినిమాకు అది కుదిరే కథ కాదు మరి!

నేను రెండు చిన్న చేపలను తెచ్చి వదిలితే, అందులో కాస్త పెద్దది ఏడాది దాటాక బాగా బలిసి ఆడదైంది. ఒక సాయంత్రం అవి ఒక మట్టిపలకను నోటితో కొరికి కొరికి శుభ్రం చేశాయి. మరునాటికి దానిపై నారింజ రంగు గుడ్లు ఒత్తుగా అతుక్కుని ఉన్నాయి. అప్పటినుండి తండ్రి చేపకు తీరిక లేదు. వాజాలతో గుడ్లకు నీరు విసురుతుంది, నోటితో తడుముతుంది, చెడిన గుడ్డును ఏరి పారేస్తుంది. ఆడది అప్పుడప్పుడు వచ్చి చూసి పోతుంది. మా అమ్మ ఇది గమనించి, "మీ నాన్న ఈ చేపను చూసి ఉండవలసిందిరా" అన్నది.

రోజులు గడిచే కొద్దీ గుడ్లు వెండి రంగుకు తిరిగాయి. ఒక్కొక్క గుడ్డులో రెండు కళ్లు మెరిశాయి. ఎనిమిదవ రోజు సాయంకాలం పలకను వేరొక చిన్న తొట్టెలోకి మార్చి, పక్కన గాలిబుడగలు పెట్టి, దీపాలార్పాను. ఇవి చీకటి పడ్డాకనే గుడ్లు పగిలి బయటికి వస్తాయి. రెండు గంటల తరువాత చూస్తే సూదిమొనంత పిల్లలు సుమారు 300 నీటిలో మిణుకుమంటున్నాయి.

అసలు పరీక్ష అప్పుడే మొదలు. ఆ పిల్లల నోరు ఎంత చిన్నదంటే మనం కొని వేసే మేత ఏదీ అందులో పట్టదు. కంటికి ఆనీ ఆననట్లుండే రోటిఫర్లనే ప్రాణులను బతికి ఉండగానే వాటికి అందించాలి. ఆ రోటిఫర్లకు ఆహారంగా ఆకుపచ్చని సూక్ష్మశైవలాలను సీసాలలో పెంచాలి. అంటే చేపపిల్లలు పుట్టడానికి వారాల ముందే పంట వేసి, ఆ పంటను తినే మందను సాకి సిద్ధంగా ఉంచుకోవాలన్నమాట. పెరుగులో తోడు మిగుల్చుకున్నట్లు ప్రతి సీసాలోనూ కొంత విత్తనం మిగిల్చి, మళ్లీ నింపుతుండాలి. ఒక్కరోజు ఏమరినా మంద మొత్తం నశించవచ్చు. వారం గడిచాక ఆర్టీమియా పిల్లలను పెట్టవచ్చు. కోస్తా జిల్లాల రొయ్యల హేచరీలలో పనిచేసేవారికి ఈ పేరు కొత్త కాదు.

ఇంత చేసినా మరణాలు ఆగవు. మూడవ రోజు ఉదయం తొట్టె అడుగున తెల్లని దుమ్ములా పేరుకున్నవి చచ్చిన పిల్లలే. వాటిని సన్నని గొట్టంతో తీస్తూ, ఒక కాగితంపై లెక్క రాసుకుంటున్నాను. అమ్మ కాసేపు నిలబడి చూసింది. అమ్మకు అయిదు కాన్పులు, మిగిలినవాళ్లం ఇద్దరం. ఆ ముగ్గురి మాట ఆమె ఎన్నడూ ఎత్తగా నేను వినలేదు. "పోయినవాటిని లెక్కపెట్టకురా, ఉన్నవాటికి ఆకలవుతుంది చూడు" అని, రోటిఫర్ల సీసా నా చేతికందించింది. ఆ కాగితంపై మరి అంకెలు రాయలేదు.

పదకొండవ రోజున ఒక పిల్ల తలవెనుక తెల్లని మచ్చ కనబడింది. అది మొదటి పట్టీ. నీటిలో కొట్టుకుపోయే ప్లవక జీవనం ముగిసి చేప రూపం వచ్చిందనడానికి అదే గుర్తు. రెండు నెలలు నిండేసరికి 41 మిగిలాయి.

"వీటిని సముద్రంలో వదిలితే పుణ్యం కదా" అన్నది అమ్మ. ఆమె మాట కాదనడానికి నాకు మనసు రాలేదు. కాని తొట్టెలో పుట్టిన చేప తనతో ఏ రోగాన్ని మోసుకుపోతుందో తెలియదు; వేటాడే చేపను చూసి పారిపోవడం దానికి రాదు. సముద్రానికి మేలు మరొక విధంగా జరుగుతుంది. కొన్ని దేశాలలో అలంకారపు చేపల కోసం పగడపు దిబ్బలపై సైనైడు చల్లి, సొమ్మసిల్లినవాటిని పట్టేవారు ఉన్నారు. ఇంట పుట్టిన చేప దొరికితే దిబ్బపై చేపను పట్టే అవసరం తగ్గుతుంది. మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపల ఉత్పత్తి పద్ధతులను రూపొందించారు. నా 41 చేపలు దాని ముందు లెక్కలోకి రావు. అయినా నగరంలో ఒక దుకాణదారు కొన్ని వారాలపాటు వేరే చేపలు తెప్పించనక్కరలేకపోయింది.

చేపలను తీసుకుపోవడానికి అతడు వచ్చిన రోజున అమ్మ రెండింటిని ఉంచమన్నది. ఉంచాను. ఆ రెండింటిలో ఏది ఆడది అవుతుందో ఇంకా తేలలేదు.