మంచె కన్నా ముందు రాస్తా

మిషిగన్‌లో జింకల షికారు మొదలుపెట్టినప్పటి నుంచి ఊరి నుంచి ఫోన్ చేసే ప్రతివాళ్ళదీ ఒకటే సవాల్: "ఆ గోష్త్ హలాలేనా బేటా?" మా ఫుప్పూ అయితే "జైల్లో వెయ్యరా?" అని కూడా అడిగింది. ఇండియాలో 1972 చట్టం వచ్చాక వేసేస్తారు మరి. ఇక్కడ లైసెన్సు కొనుక్కుని, సీజన్‌లో, ఒప్పుకున్నన్ని కొట్టొచ్చు.

హలాల్ సంగతి మాత్రం మంచె దగ్గరే తేలుతుంది. తూటాతో చచ్చిన జింక మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. తూటా కోయదు, దెబ్బతో చంపుతుందని చాలామంది హనఫీ ఆలింల మాట. ఆయుధం పదునుతో తగిలితే తినమనీ, అడ్డంగా తగిలి చస్తే తినొద్దనీ అదీ బిన్ హాతిం (రజి) హదీసులో ఉంది. అందుకే నేను విల్లు పట్టాను. బిస్మిల్లా అని బాణం వదలాలి. కానీ 20 గజాలు దాటితే నా చేతి మీద నాకు భరోసా లేదు. గాయంతో పారిపోయి ఏ పొదలోనో విలవిల్లాడి చస్తే, గోష్త్ మాట అటుంచండి, ఆ జాన్‌కి జవాబు ఎవరివ్వాలి? ఆ 20 గజాల్లోకి జింక తనంతట తను నడిచి రావాలి.

మా ఊరి జొన్నచేలో మంచె పిట్టలకు కనబడాలి. ఇక్కడ కనబడకూడదు. చెట్టుకు బెల్టులతో బిగించే ఇనప మంచె, 15–20 అడుగుల ఎత్తు, వెనక లావుపాటి మాను. నేల వదిలింది మొదలు మళ్ళీ పాదం మోపేదాకా ఒంటికి హార్నెస్. ఇంట్లో పిల్లలున్నారు కదా.

పొలం అంచున జింకలు మేస్తుంటే చూసి చాలామంది అక్కడే కట్టేస్తారు. నేను కట్టను. సాయంత్రం మగ్రిబ్‌కి దిగాలి, ఎదురుగా జింకలుంటే ఎలా దిగుతాం? అవి పగలు పడుకునే పొదలకీ మేసే పొలానికీ మధ్య, రెండు అడవి ముక్కలు సన్నగా కలిసే చోటు, వాగు దాటే రేవు, ఓక్ కాయలు రాలే చెట్టు, ఇవీ నేను వెతికే జాగాలు. కొమ్ములు రుద్దిన మాను కనిపిస్తే ఇంకా ఖుషీ.

ఎంత మంచి జాగా అయినా పోయే రాస్తా సరిగా లేకపోతే వదిలేస్తాను. తెల్లవారుజామున జింకలు పొలంలో ఉంటాయి, పొలం మీదుగా పోకూడదు. సాయంత్రం పొదల్లో ఉంటాయి, అటు పోకూడదు. ఫజర్ కారు పక్కనే చదివి, చీకట్లో వాగు నీళ్ళలో నడిచిపోతాను. బూట్ల వాసన నేల మీద మిగలదు.

అన్నిటికీ మించి హవా. జింకకు కన్ను కంటే ముక్కు చురుకు. గాలి అది వచ్చే వైపు నుంచి నా మొహానికి కొట్టాలి. వాలు నేలైతే ఇంకో తిరకాసు: పొద్దున ఎండెక్కేకొద్దీ గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. అందుకే షికారు బట్టలు ఇంట్లో ఉంచను. బఘార్ వాసనా, జుమా ఇత్తరూ రెండూ పట్టేస్తాయి. గరాజ్‌లో మూతపెట్టిన డబ్బాలో ఉంటాయి.

చిటికెడు పౌడర్ ఎగరేసి చూస్తాను. అది పొదల వైపు పోయిందా, మంచె ఎక్కకుండానే వెనక్కి. ఖీమా కోసం ఎదురుచూసే బేగంకి ఆ రోజు చికెనే.