రెండు చేతులూ ఖాళీగా ఉండాలి

పిల్లలూ, మేం ఉండేది కతార్‌లోని బిర్కత్ అల్ అవామిర్‌లో. చుట్టూ గోదాములు, లారీలు. మెట్రో ఎక్కాలంటే అల్ వక్రా స్టేషన్‌కి వెళ్ళాలి. ఆ ఎర్ర లైను 2019లో మొదలైంది.

మొదటిసారి దోహా చూడబోతూ, తిరుపతి వెళ్తున్నట్టే సర్దేశాను. ఒక చేతిలో పెద్ద సంచి, నిండా పులిహోర, దుప్పటి, బట్టలు. ఇంకో చేతిలో నీళ్ళ సీసాలు. మన ఊరి రైల్లో అయితే అన్నీ బెర్తు కింద తోసేస్తాం కదా! మెట్రోలో బెర్తులూ లేవు, తినడానికీ వీల్లేదు.

సూక్ వాకిఫ్‌కి వెళ్ళాలంటే ముషైరిబ్‌లో దిగి బంగారు లైనుకు మారాలి. దిగగానే మా వాడు "అమ్మా, చెయ్యి పట్టుకో" అన్నాడు. నాకు చెయ్యేది? "చున్నీ పట్టుకుని రా నాన్నా" అన్నా. ఎస్కలేటర్ దిగి వెనక్కి చూస్తే వాడు లేడు!

ఐదు నిమిషాల తర్వాత దొరికాడు. పైనే, ఒక ఉద్యోగి పక్కన నిలబడి ఉన్నాడు. వాడు ఏడవలేదు. నేనే ఏడ్చా.

ఆ వారమే వీపుకి తగిలించుకునే బ్యాగులు కొన్నాం. నాకు 20 లీటర్లది, వాడికి చిన్నది. కొనేముందు వాడికి వేసి చూశా. బ్యాగు అడుగు నడుము కిందికి జారకూడదు. పట్టీలు వెడల్పుగా ఉండాలి. బరువైనవి వీపుకి ఆనేలా పెట్టాలి. మొత్తం మీ బరువులో పదోవంతు దాటకపోతే మంచిది. అంటే 25 కిలోల పిల్లలకి రెండున్నర కిలోలు. రద్దీలో బ్యాగుని ముందుకి తిప్పుకోండి, లేకపోతే వెనకవాళ్ళకి తగులుతుంది. రంగు మాత్రం వాడిష్టం. చిలకపచ్చ!

మొన్న మళ్ళీ ముషైరిబ్‌లో దిగాం. చెయ్యి చాస్తే, తను పెద్దవాడయ్యాడట, ఇవ్వనన్నాడు. నేనే గట్టిగా పట్టుకున్నా.