ఖాళీ బండి బరువు

మా హాస్టల్ రూములో రెండేళ్లు తెగని గొడవ ఒకటుండేది. ఫెరారీ ఎఫ్40 గొప్పదా, పోర్షె 959 గొప్పదా? రెండూ మేం పుట్టకముందు బళ్లు. ఒక్కదాన్నీ కళ్లతో చూసింది లేదు. అయినా మెస్‌లో సాంబారు చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లం.

నాది ఎఫ్40 పార్టీ. ఫెరారీకి 40 ఏళ్లు నిండాయని 1987లో తెచ్చిన కారు. కార్పెట్ లేదు, రేడియో లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ కూడా లేదు. లోపల్నుంచి తలుపు తియ్యాలంటే ఒక తీగ పట్టుకుని లాగాలి! వీ8 ఇంజన్, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్, అంతా వెనక చక్రాలకే. మా రూమ్మేట్‌ది 959. 450 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్, ముందుకెంత వెనక్కెంత అనేది ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది. 1986లో పారిస్-డాకర్ ర్యాలీ కూడా కొట్టేసింది.

నా బ్రహ్మాస్త్రం బరువు. నాది 1100 కిలోలు, వాడిది 1450. టన్నుకి లెక్కేస్తే 434 ఎక్కడ, 310 ఎక్కడ? "మరి సున్నా నుంచి వందకి నీది నాలుగు సెకన్లు దాటుద్ది, నాది 3.7. ఎందుకురా?" అనేవాడు వాడు. బయల్దేరేటప్పుడు రెండు చక్రాల గ్రిప్ అంత పవర్‌ని రోడ్డు మీదకి దించలేదని నాకు తెలుసు, మెకానికల్ వాణ్ణే కదా. అయినా ఒప్పుకుంటే కదా! టాప్ స్పీడ్ 324, నీది 317 అని టాపిక్ మార్చేసేవాణ్ణి.

థర్డ్ ఇయర్‌లో గో-కార్ట్ కట్టాం. ట్రాన్స్‌మిషన్ నాది, డ్రైవింగ్ వాడిది. పోటీకి ఇంకా తొమ్మిది రోజులుందనగా గ్రౌండ్ వెనక రోడ్డు మీద ట్రయల్ వేశాం. ఇంజన్ మూలుగుతోంది, క్లచ్ కాలిన వాసన, బండి మాత్రం కదలనంటోంది. టీమంతా నా వైపే చూశారు.

రాత్రి స్ప్రాకెట్ లెక్క తిరగేశా. బరువు దగ్గర 105 కిలోలు అని నా చేత్తోనే రాసుంది. అది ఖాళీ బండి. డ్రైవర్‌ని కలపనేలేదు. వాడు 78 కిలోలు.

ఏదో అనుమానం వచ్చి ఎఫ్40 స్పెక్ షీట్ మళ్లీ తెరిచా. 1100 పక్కన చిన్న అక్షరాల్లో 'డ్రై' అనుంది. ఆయిల్, కూలెంట్, పెట్రోల్ ఏవీ పొయ్యని బరువన్నమాట. వాడి 1450 అన్నీ పోశాక. రెండేళ్లూ ఖాళీ బండిని నిండు బండి పక్కన పెట్టి గెలిచా.

పొద్దున్నే రెండు సంగతులూ వాడికి చెప్పా. ఎఫ్40 గురించి ఏమీ అనలేదు. "రోజూ పక్క మంచం మీదే పడుకుంటాను కదరా, ఎలా మర్చిపోయావ్?" అన్నాడు. వెనక ఇరుసుకి పెద్ద స్ప్రాకెట్ కొనడానికి ఇద్దరం బస్సెక్కాం. టికెట్ వాడే తీశాడు.